ఇసుకపై అక్షరము నుండి స్వంతమాట దాక
(తెలుగు బాలుని వ్రాతచదువు చరిత్ర)

చదువుకొనుట వేఱు, వ్రాయగలుగుట వేఱు. ఈ రెండింటి నడుమనున్న దూరము నడచుటకు తెలుగు బాలునికి రమారమి రెండువందల యేండ్లు పట్టినది. అక్షరములు దిద్దుట యొక మెట్టు. ఇతరులు వ్రాసినదానిని చూచి వ్రాయుట, చెప్పినదానిని తప్పులేకుండ వ్రాయుట రెండవ మెట్టు. తాను చూచినదానిని, తాను తలచినదానిని తన మాటలలో కాగితముపై పెట్టగలుగుట మూడవ మెట్టు. మొదటి రెండు మెట్లను మన బడులు పూర్వమునుండియు ఎక్కించుచునే వచ్చినవి. మూడవ మెట్టు కడనే చిక్కంతయు వచ్చినది. ఆ చిక్కు ఎట్లు పుట్టినది, దానిని విప్పుటకు ఎవరెవరు పాటుపడిరి, ఆ పని యెంతవరకు వచ్చినది అను వృత్తాంతము, బిడ్డలను బడికంపు ప్రతి గృహస్థునకును, గ్రంథాలయము మెట్లెక్కు ప్రతి పాఠకునకును తెలియదగినది.

వీథిబడి

1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని జిల్లాలలో ఎన్ని బడులున్నవి, ఎందఱు చదువుచున్నారు, ఏమి చదువుచున్నారు అను వివరములు పంపుడని కలెక్టరుల నడిగెను. వచ్చిన సమాధానములలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక చాల విపులమైనది. ఈయన తెలుగెఱిగిన దొర. 1816లో తెలుగు వ్యాకరణమును, 1821లో తెలుగు నిఘంటువును ఇంగ్లీషున వెలువరించినవాడు. నేటి అనంతపురము సీమ అప్పుడు బళ్ళారి జిల్లాలోనే చేరియుండెను. ఆ జిల్లా మొత్తమునకు 533 బడులు. వానిలో 6,641 మంది పిల్లలు. కన్నడము చెప్పు బడులు 235, తెలుగు చెప్పునవి 226. తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతము, అరవము చెప్పునవి. ఇంగ్లీషు బడి ఒక్కటి. బడికి సగటున పన్నెండుగురు పిల్లలు. వేయిమంది జనులకు ఏడుగురైనను చదువుచుండలేదు. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. ఈ చిన్న అంకెను చదువరులు గుర్తుంచుకొనవలయును. ఆనాడు వ్రాత యనునది ఎవరి సొత్తో అది తెలుపుచున్నది.

అయిదవ యేట బిడ్డను బడిలో వేయుచుండిరి. అయ్యవారును, బడిపిల్లలును ఆ బిడ్డ యింటికి వత్తురు. గణపతి ప్రతిమ చుట్టును అందఱు కూర్చుందురు. ధూపనైవేద్యములైన పిమ్మట అయ్యవారు బిడ్డచేత ప్రార్థన చెప్పించి, ఆ లేతవ్రేలు పట్టుకొని పళ్ళెములోని బియ్యముపై దేవుని పేరు వ్రాయించును. మఱునాటి యుదయమునుండి బడి. ఉదయము ఆఱుగంటలకే పిల్లలు చేరవలయును. అందఱికంటె ముందుగా వచ్చిన బాలుని అఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు, అది గౌరవము. రెండవవాని చేతిలో సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, నిందయు లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలవవానికి రెండు. ఆపైని వచ్చిన వానికెల్ల ఒక్కొక్కటి హెచ్చు. సోమరులకు గుంజీలును, చేతులు కట్టి దూలమునుండి వ్రేలాడదీయు కోదండమును కలవు. ఈ శిక్షలు తెలుగునాట తాతల కాలపు ముచ్చటలలో నిలిచియే యున్నవి.

అక్షరాభ్యాసము నోటితో గాక వ్రేలితో జరుగుచుండెను. నేలపై ఇసుక పఱచి, అందు అక్షరము వ్రాయుచు నేర్చుకొనుట పద్ధతి. ఇసుకలో చేయి తిరిగిన పిమ్మట తాటాకు, గంటము. లేదా కాగితము, కలము. ఆ సీమలో ఎక్కువగా వాడుకలోనున్నవి పలకయు, కడితమును. పలక యనగా మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు గల నున్నని చెక్క. దానికి అన్నమును బొగ్గుపొడియు కలిపి పూయుదురు. కడితమనగా గంజి పెట్టి బిగువెక్కించి, పుస్తకమువలె మడతలు పెట్టి, బొగ్గును జిగురును పట్టించిన గుడ్డ. రెండింటిమీదను బలపముతో వ్రాసి తడిగుడ్డతో తుడిచివేయవచ్చును. కాసు ఖర్చులేని పనిముట్లివి. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పుటయు ఆ బడుల పద్ధతియే. ఈ రెండు పద్ధతులను మద్రాసులోని అనాథ బాలుర బడిలో పనిచేసిన ఆండ్రూ బెల్ 1790 ప్రాంతముల అమలుపఱచి, 1797లో ఇంగ్లండున పుస్తకము ప్రకటించగా, అచ్చటి బీదపిల్లల బడులలో అది 'మద్రాసు పద్ధతి' యను పేర వ్యాపించెను. మన వీథిబడి ఇసుక సముద్రములు దాటిన దన్నమాట.

అక్షరములు, గుణింతములు, ఒత్తులు వచ్చిన పిమ్మట మనుష్యుల పేర్లు, ఊళ్ళ పేర్లు, జంతువుల పేర్లు వ్రాయించుచుండిరి. ఎక్కములు, లెక్కలు, తూనికలు కొలతలు చెప్పుచుండిరి. పలువిధములైన చేవ్రాతలు చదువుటయు, ఉత్తరము వ్రాయుటయు, అర్జీ వ్రాయుటయు నేర్పుచుండిరి. ఇది జీవనోపయోగియైన వ్రాత. దీనిని తక్కువగా చూడరాదు. కాని పుస్తకముల చదువు మాట వేఱు. రామాయణ భారత భాగవతముల పద్యములు వందలకొలది కంఠస్థము. అర్థము మాత్రము శూన్యము. పిల్లలు చిలుకలవలె వల్లించుచున్నారేగాని చెప్పినదాని భావ మెఱుగరని కాంబెల్ స్పష్టముగా వ్రాసెను. పద్యముల భాష ఇంటిభాష కాదు. గురువులలోను అర్థము చెప్పగలవారు అరుదు. వ్రాతప్రతులు ప్రియమైనవి, పల్లెలకు దొరకవు. మఱియొక మాటయు ఆయన దాచక చెప్పెను. దేశము క్రమముగా దారిద్ర్యములో దిగుచున్నందున, పూర్వము బడులున్న ఊళ్ళలో ఇప్పుడు లేవని, పెద్దబడులున్నచోట కొందఱు కలవారి పిల్లలే మిగిలినారని ఆ నివేదికలోనే యున్నది. కంపెనీ కొలువులో నుండిన అధికారియే ఇట్లు వ్రాయుట గమనింపదగినది.

అచ్చుపుస్తకము, పరీక్ష

పందొమ్మిదవ శతాబ్దమున రెండు క్రొత్తవస్తువులు బడిలో ప్రవేశించెను. ఒకటి అచ్చుపుస్తకము, రెండవది పరీక్ష. పుదూరు చదలువాడ సీతారామశాస్త్రిగారి 'బాలశిక్ష' 1832 ప్రాంతమున వెలసి, తరువాత పెరిగి 'పెద్దబాలశిక్ష'యై తరతరముల తెలుగువారికి తొలిగ్రంథమైనది. అక్షరములు, పదములు, లెక్కలు, నీతులు, ఋతువులు, సంవత్సరముల పేర్లు — సంసారికి కావలసినవన్నియు ఒక్కచోట దొరకిన పుస్తకమది. దానిని చదివిన బాలుడు చాల సంగతు లెఱుగును. కాని తానేమి యెఱుగునో తన మాటలలో చెప్పవలసిన అవసరము వానికి కలుగలేదు.

1853లో పరవస్తు చిన్నయసూరిగారి 'నీతిచంద్రిక', 1858లో ఆయన 'బాలవ్యాకరణము' వెలువడెను. వచనమున కొక అందమును, కట్టుబాటును ఏర్పఱచిన మహనీయుడాయన. పంచతంత్ర కథలను అంత గంభీరముగ తీర్చినవారు లేరు. కాని బడిలో జరిగినదేమనగా, పెద్దవారు మెచ్చుకొనవలసిన ఆ శైలిని పదిపన్నెండేండ్ల పిల్లవాడు అనుకరింపవలసి వచ్చెను. ఇంటిలో 'వెళ్తున్నాను' అనువాడు బడిలో 'పోవుచున్నాడను' అని వ్రాయవలయును. ఒకవైపు అరసున్న, మఱియొకవైపు బండిఱ, నడుమ సంధులు. వ్రాయవలసిన సంగతిమీద నుండవలసిన దృష్టి తప్పులమీదికి పోయెను. ఆ భయములో పిల్లవాడు కనిపెట్టిన ఉపాయము కంఠస్థము చేయుట. ఆవును గుఱించి, చెఱువును గుఱించి, దసరాపండుగను గుఱించి అయ్యవారు చెప్పిన వ్యాసములను వల్లించి పరీక్షలో అప్పగించుట. ఇంటి దొడ్డిలో ఆవును మేపు బాలుడును, ఊరిచెఱువులో ఈదు బాలుడును తాము చూచిన ఆవును గాని చెఱువును గాని వ్రాయుట లేదు. వీథిబడిలో పద్యమునకు పట్టిన గతియే క్రొత్తబడిలో వ్యాసమునకును పట్టినది.

వ్యాసరచన వివాదము

ఈ స్థితిని గమనించి కలవరపడినవారు నలుగురు. విశాఖపట్టణము, గంజాము ప్రాంతములకు పాఠశాలల పరీక్షాధికారిగా 1906 ప్రాంతమున వచ్చిన జె. ఎ. యేట్స్ దొర ఒకరు. భాషను సూటిగా మాటలద్వారా నేర్పవలయునను కొత్తపద్ధతి ఆయనకు ఇష్టము. జనులు మాటలాడు తెలుగు ఒకటి, పుస్తకములలోని తెలుగు మఱియొకటియై యుండుట యేమని ఆయన తిరిగిన బడులన్నిటను అడుగుచుండెను. ఆ ప్రశ్నకు జవాబు వెదకినవారు పర్లాకిమిడి ఉపాధ్యాయులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, విజయనగరము గురజాడ అప్పారావుగారు, విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాసయ్యంగారు. అయ్యంగారి మాతృభాష తెలుగు కాదు. అయినను తెలుగు బోధన సంస్కరణకై సంఘము పెట్టిన ఘనత ఆయనది.

గిడుగువారి అనుభవము ప్రత్యేకమైనది. ఆయన కొండలలోని సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు వారి భాషలోనే పాఠపుస్తకములు కూర్చి, తన ధనముతో బడులు పెట్టించినవాడు. ఆయన సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను అచ్చుపడినవి. అక్షరమే లేని భాషలోని బిడ్డకు తన భాషలోనే చదువు చెప్పవచ్చునని చేసి చూపినవానికి, వేయేండ్ల సాహిత్యముగల తెలుగుబిడ్డ తన మాట తాను వ్రాయరాదనుట వింతగా తోచుటలో వింత లేదు.

అప్పటికి మెట్రిక్యులేషను పోయి స్కూలుఫైనలు వచ్చుచున్న కాలము. దేశభాషలో వ్యాసము వ్రాయుట పరీక్షలో ముఖ్యాంశమైనది. ఆ వ్యాసమును ఏ తెలుగున వ్రాయవలయును? 1911, 1912 ప్రాంతముల శిష్టవ్యావహారికమునందును వ్రాయవచ్చునని అనుమతి వచ్చినంతనే దేశమంతట దుమారము రేగెను. జయంతి రామయ్యపంతులుగారు ప్రతిపక్షమునకు నాయకులు. 1911లో మద్రాసున వెలసిన ఆంధ్రసాహిత్యపరిషత్తు వారి కోట. వారి వాదమును నేటివారు తేలికగా త్రోసివేయరాదు. జిల్లాకొక మాట, కులమున కొక పలుకు ఉండగా దేనిని ప్రమాణముగా పెట్టుకొందుము? మాటలాడిన ట్లెల్ల వ్రాసినచో నన్నయ తిక్కనలతో పిల్లలకు సంబంధము తెగిపోదా? ఇవి వారి ప్రశ్నలు. భాషపై ప్రేమ వారికిని తక్కువ కాదు.

గిడుగువారి సమాధానము సూటియైనది. ప్రాచీనకావ్యములు చదువవద్దని ఆయన యెన్నడును అనలేదు; చదువవలసినదే, ఆనందింపవలసినదే. కాని చదువుటకు ఒక భాష, వ్రాయుటకు ఒక భాష ఉండవచ్చును. గ్రాంథికమున వ్రాయుచున్నామనుకొను పండితులే తప్పులు వ్రాయుచున్నారని ఉదాహరణములతో చూపి, పండితులకే పట్టుపడని భాషను పసివారినుండి కోరుట న్యాయమా యని ఆయన అడిగెను. ఊరూర తిరిగి సభలలో వాదించెను. గురజాడవారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు వ్యాసరచనా ఉపసంఘమున సభ్యులుగా నుండి, అధికసంఖ్యాకుల నిర్ణయమునకు భిన్నముగ దీర్ఘమైన అసమ్మతిపత్రమును సమర్పించిరి. ఒక పరీక్షాపత్రమును గుఱించిన ఆ పత్రము నేటికిని తెలుగుభాషా చరిత్రలో మేలైన గ్రంథముగ నిలిచియున్నది. అయినను ఫలితము దక్కలేదు. 1915 నాటికి అధికారులు గ్రాంథికపక్షమునకే మొగ్గిరి. ఆ సంవత్సరము నవంబరు 30వ తేదీన గురజాడవారు కన్నుమూసిరి.

గిడుగువారు మాత్రము వెనుదీయలేదు. 1919లో 'తెలుగు' అను పత్రికను నడపిరి. ఆ యేటనే రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము ఏర్పడగా, గ్రాంథికమున మహాగ్రంథములు వ్రాసిన కందుకూరి వీరేశలింగము పంతులుగారే దానికి అధ్యక్షత వహించుటకు అంగీకరించిరి. మే నెలలో వారును గతించిరి. 1940 జనవరి 22న గిడుగువారు కాలధర్మము చెందునాటికి పత్రికలు, కథలు, నవలలు ఆయన మార్గమునకు వచ్చినవి. బడిమాత్రము వెనుకబడియే యుండెను. స్వాతంత్ర్యము వచ్చి దశాబ్దములు గడచినగాని వాడుకభాష పాఠ్యపుస్తకములలో పూర్తిగా కాలూనలేదు. ఈ ఆలస్యములో ఎన్నితరముల పిల్లలు తమ మాట తప్పుమాట యని నమ్మి పెద్దవారైరో లెక్కించుటకు వీలులేదు.

పల్లెపిల్లవాడు వ్రాయగలడా?

భాష వదలిపెట్టినను, ప్రశ్న యొకటి మిగులును. పల్లెటూరి పిల్లవాడు, పొలముపనుల నడుమ బడికి వచ్చువాడు, స్వయముగ కథ కట్టి వ్రాయగలడా? ఈ ప్రశ్నకు తెలుగుదేశమున చర్చ మొదలగుటకు ఏబదియేండ్ల ముందే రష్యాలోని ఒక పల్లెబడి సమాధానము చెప్పియున్నది. టాల్‌స్టాయి 1859లో తన స్వగ్రామమైన యాస్నాయా పోల్యానాలో రైతుబిడ్డలకు బడి పెట్టెను. ఒకనాడు, గరిటెతో తినిపించి దాని కాడతోనే కన్ను పొడుచువాని గుఱించిన సామెత యొకటి చెప్పి, దానిపై కథ వ్రాయుడనెను. పిల్లలు వెనుకాడిరి. ఆయనయే కలము పట్టి మొదలుపెట్టగా, పిల్లలు ఒక్కొక్కరే వెనుక చేరి తొంగిచూచి, ఇది బాగులేదు, అట్లు జరుగదు అని దిద్దసాగిరి. కొంతసేపటికి చెప్పువారు పిల్లలు, వ్రాయువాడు టాల్‌స్టాయి. వారిలో సియోమ్కా, ఫెద్కా అను ఇద్దఱు బాలురు మిక్కిలి చురుకైనవారు. రాత్రి ఏడుగంటలనుండి పదునొకండు గంటలవరకు ఆకలి తెలియక, అలుపు తెలియక కూర్చుండిరి.

తరువాత జరిగినది మఱింత ముఖ్యము. ఆ వ్రాతప్రతి పొరపాటున ఇతరబాలుర చేతిలో పడి, వారు చేసిన కాగితపు బొమ్మలకు ఖర్చయి పోయెను. టాల్‌స్టాయి చాల విచారించెను. అది విని సియోమ్కా, ఫెద్కాలు తామే మరల వ్రాసెదమని ఆయన యింటికి వచ్చి, తలుపు మూసుకొని, రాత్రి పొద్దుపోవువరకు వ్రాసిరి. 1862లో టాల్‌స్టాయి దీనినంతటిని తన బడి పత్రికలో వ్యాసముగా ప్రకటించుచు, వ్రాయుట ఎవరు ఎవరియొద్ద నేర్చుకొనవలయును — రైతుబిడ్డలు మనయొద్దనా, మనము వారియొద్దనా — అను ప్రశ్ననే శీర్షికగ పెట్టెను. ఆ యెండకాలమున పోలీసులు ఆయన యింటిని, బడిని సోదా చేసిరి. పిల్లలు స్వంతముగ ఆలోచించు చోటనిన అధికారులకు అనుమానము కలుగుట ఒక దేశపు గుణము కాదు.

నేడు రచనాశిబిరమని పిలుచునది మూలమున ఇదియే. పెద్దవాడు పిల్లలతో కలసి కూర్చుండి తానును వ్రాయుట, పిల్లవాడు మెచ్చనిచో దిద్దుకొనుట, చదివి వినిపించుట, మరల వ్రాయుట. మనదేశమున 1901లో రవీంద్రనాథ ఠాకూరు శాంతినికేతనమున అయిదుగురు పిల్లలతో ప్రారంభించిన బడియు ఈ త్రోవనే నడచినది. చెట్లక్రింద పాఠములు, పిల్లలు తమ రచనలను తామే చదువు సాహిత్యసభలు, చేతివ్రాత పత్రికలు అచ్చటి విద్యలో భాగములు. 1920లో భావనగరమున బాలమందిరము తెఱచిన గిజూభాయి బధేకా కథయే బోధనకు ప్రాణమని చూపెను. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన మౌలికవిద్య, చేతిపనియే చదువునకు మూలమనెను. నూలువడకిన బాలుడు ఎంత వడకెనో లెక్కకట్టి తానే వ్రాసికొనవలయును. చేసినపనిని గుఱించి వ్రాయువానికి మాటల కఱవుండదు.

గ్రంథాలయము, పత్రిక, రేడియో

బడి చేయని పనిని తెలుగునాట కొంతవఱకు గ్రంథాలయము చేసినది. 1911లో విజయవాడ రామమోహన గ్రంథాలయము వెలసెను. 1914 ఏప్రిలు 10న అచ్చటనే చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను గ్రంథభాండాగార ప్రతినిధులు తొలిసారి సమావేశమైరి. అయ్యంకి వేంకటరమణయ్యగారు ఆ ఉద్యమమునకు ప్రాణము. వ్యాసరచన వివాదము ముదిరిన దినములును అవియే యగుట గమనింపదగినది. నిజాము రాష్ట్రమున బడిభాష ఉర్దూ. అచ్చటి తెలుగుబాలునికి తన భాషలో పుస్తకము దొరకుచోటు 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషా నిలయమును, 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్రభాషా నిలయమును, వాని వెంబడి పల్లెలలో పుట్టిన చిన్నగ్రంథాలయములును. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదపాలెమునుండి పుస్తకముల పెట్టెను పడవ నెక్కించి కాలువవెంట పంపిరి. బడిలో గ్రాంథికమున వ్యాసము వల్లించిన బాలుడు సాయంకాలము గ్రంథాలయమున వాడుకభాషలో కథ చదివెను. చదివినవానికి వ్రాయ బుద్ధిపుట్టును. నాలుగు ఠావుల కాగితములు కుట్టి, రంగుసిరాలతో శీర్షికలు తీర్చి, ఒకేయొక ప్రతిగ వెలువడి చేతులు మారిన లిఖితపత్రికలు అట్లు పుట్టినవే. తరువాతి కాలమున పేరుపొందిన రచయితలలో పలువురి తొలివ్రాత అట్టి పత్రికలలోనిదే.

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు రేడియోలో పిల్లలచేతనే మాటలాడించి, పాడించి, నాటకములాడించి 'రేడియో అన్నయ్య, అక్కయ్య'లైరి. 1945లో వారు స్థాపించిన 'బాల' పత్రికలో పిల్లల రచనలకు చోటుండెను. తన పేరు అచ్చులో చూచుకొనిన బిడ్డకు కలుగు ధైర్యము పదిపాఠములు చెప్పినను కలుగదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు 'చందమామ'ను ప్రారంభించిరి. 1952 మొదలు 1980 వఱకు కొడవటిగంటి కుటుంబరావుగారు తీర్చిన దాని తేటతెలుగు, బడిపుస్తకమునకంటె ఎక్కువమందికి వాక్యము వ్రాయ నేర్పినదనుట అతిశయోక్తి కాదు.

కృత్యములు, రచనాశిబిరములు

బడిలో మార్పు ఆలస్యముగ వచ్చినను వచ్చినది. 1980 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రాథమికవిద్యా పథకము, మొదట కొన్ని బడులలోను, 1989 పిమ్మట రాష్ట్రమంతటను నడచెను. చేయుచు నేర్చుకొనుట, ఒంటరిగను జట్టుగను పనిచేయుట, పిల్లల భేదములను గమనించుట, ఊరిలో దొరకు వస్తువులనే పరికరములుగ వాడుట, పిల్లలు చేసిన పనిని గోడలపై ప్రదర్శించుట దాని ముఖ్యసూత్రములు. 'కృత్యము' అను మాట ఉపాధ్యాయుల నోట నలిగినది అప్పుడే. చింతగింజలతో లెక్క, ఆకుల సేకరణ, సంతకు పోయివచ్చి ధరలు వ్రాయుట వంటివి పాఠములైనవి. అదే దశాబ్దమున మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ విద్యాసంస్థవారు చుట్టుపట్ల పల్లెలలో చిన్నచిన్న బడులు పెట్టి, పాఠ్యపుస్తకమునకు బదులు వరుసగా నేర్చిన చీటీలతో, మెట్లుమెట్లుగ, ఏ బిడ్డ వేగమున ఆ బిడ్డ నడచు పద్ధతిని రూపొందించిరి. ఒకే గదిలో, ఒకే ఉపాధ్యాయునితో, పలుతరగతుల పిల్లలు చదువుకొను ఆ పద్ధతిని తమిళనాడును, ఇతర రాష్ట్రములును అనుకరించినవి. వీథిబడిలో పెద్దవాడు చిన్నవానికి చెప్పిన పాతనీతి దీనిలో మరల కనబడుచున్నది.

2004, 2005 ప్రాంతముల సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసి ఒరియా అను ఎనిమిది భాషలలో గిరిజనబాలలకు తొలితరగతుల పుస్తకములు రాష్ట్రప్రభుత్వమే సిద్ధము చేయించినది. గిడుగువారు ఒంటరిగ మొదలిడిన పని నూఱేండ్లకు ప్రభుత్వపు పనియైనది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమును, 2011 రాష్ట్ర ప్రణాళిక చట్రమును అనుసరించి వచ్చిన తెలుగు వాచకములలో పాఠము వెనుక ప్రశ్నలేగాక 'వ్యక్తీకరణ-సృజనాత్మకత' యనియు, 'ప్రాజెక్టు పని' యనియు శీర్షికలు చేరినవి. కథను పొడిగింపుము, సంభాషణ వ్రాయుము, మీ ఊరి పెద్దలనడిగి తెలిసికొని వ్రాయుము అని పుస్తకమే పిల్లవానిని అడుగుచున్నది. 1915లో ఓడిన పక్షపు కోరిక ఇది.

బడులలోను, సెలవులలో గ్రంథాలయముల లోను జరుగు రచనాశిబిరములు ఈ కాలపు ఫలములు. మంచి శిబిరమున బోధన తక్కువ, వినుట ఎక్కువ. మొదట పిల్లలు వలయముగ కూర్చుండి తాము చూచిన సంగతి నోటితో చెప్పుదురు. తాత చేసిన పని, తప్పిపోయిన మేక, వాన కురిసిన రాత్రి — ఏదైన సరే. పిదప చెప్పినదానినే వ్రాయుదురు. పెద్దవారు అక్షరదోషముల జోలికి వెంటనే పోరు. 'అప్పుడు మేక యేమి చేసెను? అమ్మ యేమన్నది?' అని మాత్రమే అడుగుదురు. ప్రశ్నకు జవాబు వ్రాయుటలో కథ పెరుగును. తోటివారికి చదివి వినిపించునపుడు ఎక్కడ నవ్విరో, ఎక్కడ ఆవులించిరో వ్రాసినవానికే తెలియును. తప్పులు దిద్దుట చివరిపని. ఇట్లు వ్రాసిన పల్లెబడి పిల్లల కథలు రెండు రాష్ట్రములలోను పుస్తకములుగ వెలువడుచున్నవి. వానిలో పేర్లు చూచినచో ఆడపిల్లలవి విస్తారముగ కనబడుచున్నవి. బళ్ళారి జిల్లా అంతటను 60 మంది యను అంకెకు ఇంతకంటె మంచి సమాధానము లేదు.

మిగిలిన పని

అయినను మూడవ మెట్టు అందఱును ఎక్కితిరని చెప్పుటకు వీలులేదు. వ్యాసములు నేటికిని గైడుపుస్తకములనుండి వల్లించుట మానలేదు. ప్రాజెక్టు పని యని పేరుపెట్టి అంగడిలో బొమ్మలచార్టు కొని అంటించి మార్కులు పొందుటయు కలదు. కృత్యము పేరునకు మిగిలి, కంఠస్థమే లోన నిలుచుట పాతరోగము క్రొత్తబట్ట కట్టుకొనుట. పూర్వము గ్రాంథికభయముచే పిల్లవాడు తన మాట దాచుకొనెను. నేడు ఇంగ్లీషుభయముచే దాచుకొనుచున్నాడు. భయము పేరు మాఱినది; దాచుకొనుట మాఱలేదు. ఇంగ్లీషు నేర్చుకొనరాదని దీని భావము కాదు. ఒక భాషలో తన మనస్సు విప్పి వ్రాయగలిగినవాడే రెండవభాషలోను వ్రాయగలడు. ఏ భాషలోను విప్పనివాడు ఎన్ని నేర్చినను ఒరుల మాటలనే మోయుచుండును.

దీనికి ఉపాయము గొప్పధనముతో కూడినది కాదు. వారమునకొక సాయంకాలము గ్రంథాలయమున ఒక బల్ల, పది పెన్సిళ్ళు, గీతల్లేని కాగితములు, తొందరపడక వినగల పెద్దవా రొక్కరు చాలును. పిల్లలు వ్రాసినవానిని నెలకొకమారు కుట్టి లిఖితపత్రిక చేయవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, ఆ పత్రికకును మహాభారతమునకు వేసినట్లే అట్ట వేసి, గ్రంథాలయపు పుస్తకపట్టికలో వరుససంఖ్య వేసి, బీరువాలో పెట్టవలయును. తన వ్రాతకు సంఖ్య పడినదని తెలిసిన బిడ్డ మఱునాడు ఇంకొకటి వ్రాయును. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము స్వర్ణోత్సవమునాటికి తన పట్టికను తిరుగవేసి, తన ఊరి పిల్లల పుస్తకములు అందెన్ని కలవో లెక్కించుకొనగలిగినచో, ఇసుకపై మొదలైన ఆ చదువు గమ్యము చేరినట్లే.